వాగు గట్టున ఆగిన రాబడి కాగితం

పాలేటికోటనేలే ఎర్రభూపతికి కాగితం మోజు పట్టింది. ఉత్తరాది వర్తకులెవరో బండెడు తెల్లకాగితం కానుకగా తెచ్చి ఇచ్చారు. తాటాకుల మీద గంటంతో గీకి గీకి విసిగిపోయిన రాజుకు ఆ నునుపు చూస్తే ముచ్చటేసింది. కానీ అంత కాగితాన్ని ఏం చేసుకోవాలి? రాజుకు ఏమీ తోచకపోతే ప్రజలకు పని తగులుతుంది.

మర్నాడే ఊరూరా చాటింపు వేయించాడు. ప్రతి ఇంటివారూ చేసే పనేమిటో, ఏడాది రాబడి ఎంతో కాగితం మీద రాసి ఊరి అంచె చావడిలో ఇవ్వాలి. అక్కడ ఆనాటి తిథితో లక్క ముద్ర వేస్తారు. అంచెవాడు సంచిలో వేసుకుని కోటకు తెస్తాడు. శ్రావణ పున్నమి గడువు. గడువు తప్పితే వాకిట్లో కట్టేసిన పశువు జప్తు.

"రాజుకో చట్టం, రైతుకో చట్టం లేదు. నేనూ రాస్తాను, నేనూ అంచెలోనే పంపుతాను" అని సభలో గొప్పగా చెప్పాడు. అన్నట్టే, పాలవాగు అవతలి విడిదిలో ఉన్నప్పుడు రాసి పంపాడు కూడా. 'చేసే పని' అన్నచోట ఏం రాయాలో తెలియక ఒక పూటంతా ఆలోచించాడట.

ఈ వ్యవహారమంతా కోశాధికారి శరభయ్య చేతికొచ్చింది. తన మీసమూ, తను పెట్టిన గడువూ అణువంత కూడా వంగకూడదని ఆయన పట్టుదల. పున్నమి దాటగానే ఊరి చిట్టాలు ముందేసుకుని, కాగితం అందనివాళ్ల ఇళ్లకు బంట్లను తోలాడు.

మూడోనాడు వాగు అవతలి ఊరి నుంచి గానుగ సూరమ్మ సభకొచ్చింది. కాళ్లకు మోకాళ్ల దాకా బురద.

"బాబయ్యా, పున్నమికి ముందే చావడిలో ఇచ్చాను. నా కళ్లెదుటే ముద్ర కొట్టారు. వాగు పొంగి అంచెవాడు అవతలి గట్టునే ఆగిపోతే నేనేం చేసేది? నా ఎద్దును తోలుకొచ్చేశారు. ఎద్దు లేకపోతే గానుగ తిరగదు. గానుగ తిరక్కపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు."

రాజు శరభయ్య వైపు చూశాడు. శరభయ్య మీసం సర్దుకున్నాడు.

"రాబడి కాగితమంటే రావాలి కదా ప్రభూ! రానిది రాబడి ఎట్లా అవుతుంది?"

సభ నవ్వింది. రాజూ నవ్వాడు. సూరమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

నవ్వనివాడు ఇంకొకడున్నాడు, అడపం కొమ్మన్న. రాజుగారి తాంబూలం పెట్టె మోయడం అతని కొలువు. ఆకులు చుట్టి అందించడం పని, మాటలు చుట్టి అందించడం అలవాటు. సూరమ్మ మొహం ఒకసారి చూశాడు. రాజుకు తాంబూలం చిలక అందించి, చేతులు కట్టుకుని శరభయ్య ముందు నిలబడ్డాడు.

అయ్యవారు చెప్పింది నూటికి నూరుపాళ్లు న్యాయమన్నాడు. ఆలస్యంగా వచ్చిన ఆ సంచి ఏమైందని అడిగాడు. విప్పకుండానే అటక మీద పారేయించానని శరభయ్య గర్వంగా చెప్పాడు.

"మరి ఆ సంచిలో ఉన్నవాళ్లందరికీ ఇదే శిక్షా?" అన్నాడు కొమ్మన్న.

"అందరికీ. ఒక్కణ్ణీ వదిలేది లేదు."

"వాకిట్లో ఏ పశువు ఉన్నా సరేనా?"

"ఏదైనా సరే. నాలుగు కాళ్లుంటే చాలు."

అయితే మిగిలిన జప్తు తనకు అప్పగించమని కొమ్మన్న బతిమాలాడు. తాంబూలాలవాడికి కూడా తన గొప్పతనం తెలిసొచ్చిందని శరభయ్య పొంగిపోయాడు. సభలో అందరూ చూస్తుండగా వేలి ఉంగరం తీసి గుర్తుగా ఇచ్చాడు.

కొమ్మన్న తిన్నగా అటక దగ్గరికెళ్లి సంచి విప్పాడు. అక్కణ్ణుంచి ఎటు వెళ్లాడో ఎవరూ చూడలేదు.

కాసేపటికి సభామంటపం బయట ఘీంకారం వినిపించింది. అందరూ తలలు తిప్పారు. రాజుగారి పట్టపుటేనుగు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. దాని ముందు కొమ్మన్న, చంకలో సంచి.

"జప్తు చేసి తెచ్చాను, అయ్యవారూ. మీ దొడ్లో ఎక్కడ కట్టేయమంటారు?"

కొమ్మన్న సంచిలోంచి ఒక కాగితం తీసి రాజు చేతిలో పెట్టాడు. రాజు తన దస్తూరీ తను గుర్తుపట్టాడు. అదే వాగు, అదే అంచెవాడు, అదే సంచి. రాజు పేరు ఏ ఊరి చిట్టాలోనూ ఉండదు గనుక శరభయ్యకు ఆ ఊసే తట్టలేదు.

"అయితే శరభయ్యా," అన్నాడు రాజు మెల్లగా, "మేమూ గడువు తప్పామన్నమాట."

శరభయ్యకు ముచ్చెమటలు పోశాయి. ఒక్క ఉదుటున వచ్చి ఆ కాగితం మీది లక్క ముద్ర చూపించాడు.

"లేదు ప్రభూ, తమరెందుకు తప్పుతారు? ఇదుగో తిథి, పున్నమికి ముందుదే. చావడిలో ఇవ్వడంతో తమ బాధ్యత తీరింది. దారిలో వాగు పొంగితే తమరేం చేస్తారు? ముద్ర పడిన రోజే లెక్క."

కొమ్మన్న వినయంగా వంగాడు.

"ఆ మాట కాస్త గట్టిగా అనండి, అయ్యవారూ. వెనకాల నిలబడ్డ సూరమ్మకు వినబడలేదట."

సభ ఒక్కసారి గొల్లుమంది. రాజు తాంబూలం పొరబోయి దగ్గుతూనే నవ్వాడు. శరభయ్య వంచిన తల ఎత్తలేదు. ముద్ర పడిన రోజే లెక్క అని రాజు అప్పటికప్పుడు శాసనం చేశాడు. సూరమ్మ ఎద్దును శరభయ్యే స్వయంగా పలుపు పట్టుకుని ఆమె ఇంటిదాకా తోలుకెళ్లి అప్పగించాలన్నాడు. మెడలో ముత్యాలహారం తీసి కొమ్మన్న మెడలో వేశాడు.

సూరమ్మ కళ్లు తుడుచుకుని శరభయ్య వైపు తిరిగింది.

"పదండి బాబయ్యా, పొద్దుండగానే వాగు దాటాలి. మధ్యలో నడుముల్లోతు ఉంది. మీసం తడవకుండా చూసుకోండి."