తెరచాప దించని ఓడ

పూర్వం గ్రీకుల దేశంలో ఎల్లీరా అనే దీవిని థియోని అనే రాణి ఏలుతుండేది. ఆమె న్యాయంగానే ఉండేది గానీ, తన ముందు తల వంచనివాణ్ని మాత్రం జన్మలో మరిచిపోయేది కాదు.

ఆ దీవి చుట్టూ నీళ్లలో దాగిన రాళ్లు ఉండేవి. అందుకని కొండ కొమ్మున పెద్ద దీపం పెట్టారు. రేవుకు వచ్చే ప్రతి ఓడా ముందు తెరచాప దించి రాణికి మర్యాద చెయ్యాలి. అప్పుడు రాణి తన చేత్తో దీపం వెలిగించేది. ఆ వెలుగు చూసుకుని ఓడ రాళ్లు తప్పుకుని వచ్చేది.

రాణికి తమ్ముడు డ్రియస్ మీద పాత కోపం. తండ్రి పోయినప్పుడు పెట్టిన విందులో అతను తన భార్యను ముందు కూర్చోబెట్టి, అక్కకు వెనక పీట వేయించాడు. అది తప్పే. చిన్న తప్పని నేననను. అప్పటినుంచి మాటల్లేవు.

ఒక సాయంత్రం గాలి రేగింది. రాణి కొడుకు ఐలోస్ ఎడ్లు కొనుక్కొస్తానని అవతలి ఒడ్డుకు వెళ్లాడు, ఇంకా రాలేదు. రాణి కొండ మీద అటూ ఇటూ తిరుగుతూ సముద్రంకేసే చూస్తోంది. కనబడింది కొడుకు పడవ కాదు, ఎర్ర తెరచాప ఓడ.

"మీ తమ్ముడుగారిదమ్మా! దీపం వెలిగించండి," అంది దాది మిర్టో.

"తెరచాప దించలేదుగా?"

"ఈ గాలికి దించితే ఓడ నిలుస్తుందా తల్లీ?"

"నువ్వెప్పుడు ఓడ నడిపావే ముసలీ? నాకు వెనక పీట వేసినవాడు ఇవాళైనా వంగి రానీ."

చీకటి ముసురుకుంది. దాది చేతులు పిసుక్కుంది. "చిన్నబాబు కూడా ఈ నీళ్ల మీదే ఉన్నాడమ్మా. ఆయన పడవకైనా వెలుగు కావద్దూ?"

రాణి కాగడా అందుకుంది. ఎర్ర తెరచాప వంక చూసి మళ్లీ ఆగింది. "కాస్త ఆగు. వాడే దించుతాడు."

నిజంగానే తెరచాప కిందికి వాలింది.

"చూశావా, వంగాడు!" అంటూ రాణి దీపం వెలిగించింది. అప్పుడు కనబడింది. తెరచాప ఎవరూ దించలేదు. దాన్ని కట్టిన కొయ్యే విరిగింది. ఓడ రాళ్ల మీద పడి ఉంది.

రాణి కొండ దిగి ఒడ్డుకు పరుగెత్తేసరికి డ్రియస్ ఈదుకుంటూ చేరాడు. అతని భుజం మీద ఐలోస్ ఉన్నాడు. ఊపిరి లేదు.

"నీ కొడుకు అవతలి ఒడ్డుకు, నా దగ్గరికి వచ్చింది ఎడ్ల కోసం కాదక్కా," అన్నాడు డ్రియస్ వణుకుతూ. "మనిద్దరినీ కలపాలని నన్ను బతిమాలి తీసుకొస్తున్నాడు. తెరచాప దించనా అని అడిగాను. వద్దు మామయ్యా, దించితే కొట్టుకుపోతాం, అమ్మ చూస్తూనే ఉంటుంది, వెలిగిస్తుంది అన్నాడు."

రాణి కొడుకు తలను ఒళ్లోకి తీసుకుంది.

మర్నాటి నుంచి ఆమె పొద్దు వాలకముందే దీపం వెలిగించేది. ఎవరి ఓడ అని అడిగేది కాదు. ఆమె పోయాక దీవివాళ్లు దాన్నే ఆచారంగా పెట్టుకున్నారు. పగవాడి ఓడకైనా ముందు వెలుగు చూపించాకే మాట్లాడేవారు.

పిల్లలూ, కోపం ఉంటే ఉండనివ్వండి. కానీ ఎదుటివాడు ప్రాణాపాయంలో ఉన్నప్పుడు ముందు కాపాడాలి, మర్యాద సంగతి తర్వాత అడగాలి.