నెమరుకు కూర్చున్న జట్టు

మహారణ్య కప్పు ఈసారి సముద్రపొడ్డున జరుగుతుందన్న కబురు వచ్చిన నాటి నుంచి అడవుల్లో ఫుట్‌బాల్ తప్ప మరో మాట లేదు. దేశదేశాల జంతువులు వస్తాయి. అయితే వెళ్లాలన్న ఆశ ఉంటే చాలదు, ముందు గ్రూపు గట్టెక్కాలి. ఆ గ్రూపులో నాలుగు జట్లు: ఏటిగట్టు దున్నలు, కొండకొన కోతులు, ఇసుకదిబ్బ కుందేళ్లు, బురదమడుగు అడవిపందులు. పైన నిలిచిన రెండు జట్లు కప్పుకు వెళ్తాయి, మిగతా రెండూ ఇంటిదారి పడతాయి.

దున్నల జట్టుకు కోచ్ గవరయ్య అనే నక్క. ఆట కన్నా ఎత్తులు ఎక్కువ తెలిసినవాడు. అతని చూపు కప్పు మీద కూడా లేదు, సముద్రపు పీతల మీద ఉంది. జట్టు వెళ్తే కోచ్‌గా తనూ వెళ్తాడు, కడుపారా పీతలు తింటాడు. వెళ్లలేకపోతే మాత్రం మైదానం పక్కన ఇచ్చిన చల్లటి గుహ వెనక్కి తీసుకుంటానని సింహం రాజుగారు మొహం మీదే చెప్పారు. అంటే మళ్లీ బీడు గట్ల వెంట ఎలకల వేటే.

చివరి రోజుకు దున్నలూ కోతులూ సమానంగా పైన ఉన్నాయి. ఆ రోజు ఆ రెండింటికీ పోటీ. అదే సమయానికి గుట్ట అవతలి మైదానంలో కుందేళ్లకూ పందులకూ పోటీ. ముందురోజే గవరయ్య కూర్చుని ఆలోచించాడు. మన ఆట డ్రా అయితే అవతల ఎవరు గెలిచినా మనమూ కోతులూ లోపలే. ఒకరు ఓడితేనే చిక్కు. కుందేళ్లు పందుల మీద గోల్స్ కుప్పపోస్తే, ఓడినవాళ్ల చోటు వాళ్లదవుతుంది.

శ్రద్ధగా ఆడితే సరిపోయే పనికి ఆలోచన ఎందుకని అడిగేవాళ్లు లేకపోయారు. గవరయ్య కొండెక్కి, కోతుల కోచ్ అయిన కొండముచ్చు అంజయ్యను కలిశాడు.

“బావా, రేపు మీరు కొట్టొద్దు, మేమూ కొట్టం. బంతి మధ్యలో పెట్టి హాయిగా కూర్చుందాం” అన్నాడు.

అంజయ్య గడ్డం గోక్కున్నాడు. “మావాళ్లను కూర్చోబెట్టడమా? చెట్టు మీదే కుదురుగా ఉండరు. సరే, తలో చెయ్యి పిరుదుల కింద పెట్టుకోమంటాను.”

దిగివచ్చిన నక్క దున్నలకు సంగతి చెప్పాడు. జట్టు నాయకుడు పెద్దిరాజుకు ఇది మింగుడుపడలేదు.

“ఆడటానికి వెళ్లి కూర్చోవడమేంటి గురువుగారూ? ఇన్నాళ్లు ఎండలో పరుగెత్తించారు కదా.”

“కూర్చుంటే వచ్చేదానికి పరుగెందుకురా? ఇంకో మాట విను, బయటికి పొక్కకూడదు. ఆట ముగిసే ముందు నేను తోకెత్తి ఊళ వేస్తాను. అప్పుడు లేచి ఒక్క గోల్ కొట్టండి. కోతులు తేరుకునేలోపు మనం గ్రూపులో మొదటివాళ్లం.”

పెద్దిరాజు తలూపాడు. పెద్దలమాట చద్దిమూట అనుకునే రకం అతను.

మర్నాడు రిఫరీ కొంగ విజిల్ ఊదింది. బంతి మధ్యలో, జట్లు చెరోవైపు చతికిలపడి. చూడవచ్చినవాళ్లు ఈలలేశారు, పిడకలు విసిరారు. పరుగెత్తి తీరాలని ఏ నియమంలోనూ లేదని కొంగ ఒంటికాలి మీద నిలబడి చెప్పింది. కోతులు ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటూ ఎలాగో ఓర్చుకున్నాయి. దున్నలకు అంత కష్టం కూడా కలగలేదు. కూర్చున్న దున్నకు పొద్దున మేసిన గడ్డి గుర్తొస్తుంది. ఒకరు నెమరు మొదలుపెట్టారు, రెండోవారు అందుకున్నారు, కాసేపటికి గోల్‌కీపర్‌తో సహా జట్టంతా కళ్లు అరమోడ్చి దవడలాడిస్తోంది.

అవతలి మైదానం నుంచి కాకి వచ్చి వాలింది. కుందేళ్లు చెమటలు కక్కుకుంటూ ఆడుతున్నాయట, పందుల మీద గోల్ తర్వాత గోల్ కొడుతున్నాయట. గవరయ్య నవ్వాడు. “పాపం, ఎంత పరుగెత్తితే ఏం లాభం?” అన్నాడు.

ఆట చివరికొచ్చింది. నోట్లో పీతల రుచి ఊరుతుండగా నక్క తోకెత్తి, గొంతెత్తి ఊళ వేశాడు.

దున్నలు కదల్లేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. కానీ కోతులు ఉలిక్కిపడ్డాయి. ఒక్కసారిగా అన్నీ గాల్లోకి ఎగిరాయి. దిగేసరికి ఎదురుగా బంతి, పండిన వెలగకాయలాగా. అప్పటిదాకా బిగబట్టిన చేతులు, కాళ్లు ఇక ఆగుతాయా? జట్టు నాయకురాలు సీతాలు కాలితో ఒక తోపు తోసింది, మిగతావన్నీ దాని వెంట పడ్డాయి. మాటిచ్చాం, ఆగండి అని అంజయ్య అరుస్తూనే ఉన్నాడు. బంతి గోల్‌కీపర్ దున్న పక్కనుంచి దొర్లి లోపలికి పోయింది. అతను దానివైపు చూసి మళ్లీ దవడాడించాడు.

గవరయ్య గీత దాటి పరుగెత్తి పెద్దిరాజు చెవి పట్టి లాగాడు.

“లెగరా నాయనా, కొంప మునిగింది.”

“వస్తున్నా గురువుగారూ” అన్నాడు పెద్దిరాజు, కళ్లు తెరవకుండానే. “ఈ ముద్ద కానివ్వండి.”

ముద్ద అయ్యేలోపు విజిల్ మోగింది. కాకి మళ్లీ వచ్చింది. కుందేళ్లు ఆఖరి విజిల్ దాకా కొడుతూనే ఉన్నాయట. గోల్స్ లెక్కలో దున్నలను దాటేసి, కోతుల వెనక రెండో చోటు అందుకున్నాయి.

మాట తప్పారేమని నక్క అంజయ్య మీదికి వెళ్లాడు.

“మేం బుద్ధిగానే కూర్చున్నాం బావా” అన్నాడు అంజయ్య. “ఆ అరిచిందెవరో కాస్త కనుక్కో.”

గుహ పోయింది. కొన్నాళ్లకు గవరయ్య బీడు గట్టున ఎలక బొరియ ముందు మూతి పెట్టుకుని పడుకుని ఉండగా, సముద్రానికి బయల్దేరిన కుందేళ్ల జట్టు ఆ దారినే వచ్చింది. ముందు నడుస్తున్న ముసలి కుందేలు ఆగి పలకరించింది.

“పీతలంటే నీకు ఇష్టమట కదా మావా. ఎలా ఉంటాయో చూసొచ్చి చెబుతాంలే. మేమెలాగూ తినం.”

ఆడాల్సిన వేళ కూర్చోవడం నేర్పినవాడు, లేవాల్సిన వేళ ఎంత అరిచినా లేపలేడు.