ఉదజని పట్టిన పట్టు

ఒకప్పుడు లోహాలకు అడ్డూ అదుపూ ఉండేది కాదు. వాటికి పులుపవ్వ ఇల్లంటే మహా ఇష్టం. పులుపవ్వ అంటే ఎవరో కాదు, ఆమ్లమే. ఏ లోహానికి ఆ ఇంట్లో ఉండాలనిపించినా నేరుగా వచ్చి, అక్కడ కాపురమున్న ఉదజనుల్ని మెడపట్టి గెంటేసేది.

ఉదజని అంటే మనం హైడ్రోజన్ అంటామే, అదే. లోకంలో అంత తేలికైంది ఇంకోటి లేదు. గుమ్మం దాటితే చాలు, గాలి ఎటో విసిరేసేది. అలా ఒక ఉదజని అన్నలూ అక్కలూ తలో దిక్కుకూ కొట్టుకుపోయారు. మిగిలింది అదీ, దాని చెల్లీ.

ఒకరోజు రాగి ఎర్రగా మెరుస్తూ వచ్చింది. "లెండి లెండి, ఇక్కడ నేనుంటాను" అంటూ చెల్లి రెక్క పట్టి ఈడ్చింది.

ఉదజనికి ఒళ్ళు మండిపోయింది.

"చెయ్యి తియ్యి! ఎవరింటికొచ్చి ఎవరిని లెమ్మంటున్నావ్? మాకు బరువు లేదని బతుకు కూడా లేదనుకున్నావా?"

ఆ అరుపుకి పులుపవ్వ పరుగున వచ్చింది. "ఏం కావాలే నీకు?"

"న్యాయం కావాలవ్వా! వీళ్ళ ఒంటినిండా ఎలక్ట్రాన్లే, మెరిసే పూసలు! మా దగ్గర ఒక్కటీ లేదు. చెరో పూస ఇస్తే నేనూ చెల్లీ ముడేసుకుని జంటగా పోతాం. ఇక గాలి మమ్మల్ని విడదీయలేదు. పూసలివ్వనివాళ్ళ కోసం మేం లేవం, అంతే!"

"సబబే. పూసలిచ్చినవాళ్ళకే చోటు" అంది పులుపవ్వ.

"నా పూసలా? చచ్చినా ఇవ్వను!" అంది రాగి. "ఇన్నాళ్ళూ ఊరికే వచ్చిన చోటేగా!"

"ఊరికే వచ్చిందా? మా అన్నల్ని పోగొట్టుకుంటే వచ్చింది నీకు!"

రాగి తన పూసలు గట్టిగా పట్టుకుని పక్కకి జరిగింది. చోటు కోసం వెనకే వచ్చిన వెండి, బంగారం కూడా పూసలు దాచుకుని వెనక్కి తగ్గాయి.

మెగ్నీషియం మాత్రం వెంటనే పక్కనున్న ఉదజనుల జంటకు పూసలు విసిరేసి లోపలికి దూకింది. దాని తర్వాత జింకు ఇంకో జంటకు ఇచ్చింది. ఆఖరున ఇనుము గొణుక్కుంటూ, నిదానంగా తన పూసలు తీసి అక్కాచెల్లెళ్ళ చేతిలో పెట్టింది. వాళ్ళు ముడేసుకుని, కోపం చల్లారకుండానే బుడగై పైకి లేచిపోయారు.

పులుపవ్వ అందరినీ వరసలో నిలబెట్టింది. మధ్యలో ఉదజనికి ఒక చోటు ఉంచి, ఇచ్చినవాళ్ళు దానికి ముందు, ఇవ్వనివాళ్ళు వెనక.

అప్పటినుంచే, ఏ లోహం ఏం చేస్తుందో ఆ వరస చూసి ముందే చెప్పేస్తున్నారు. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మెగ్నీషియం వేస్తే బుసబుసా పొంగుతుంది. ఇనుప మేకు వేస్తే మెల్లగా బుడగలొస్తాయి. రాగి తీగ వేసి ఎంతసేపు చూసినా, ఒక్క బుడగైనా లేవదు.