యాభై ఒక్క ముక్కల పేక

అనగనగా కుందనపురాన్ని ఏలే రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధైర్యశాలి. రెండోవాడు తెలివిమంతుడు. మూడోవాడు మకరందుడున్నాడే, వాడు ఉత్త పిరికివాడు. తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటేగాని వాడికి నిద్రపట్టదు.

ఒకరోజు సభకి ఝంఝాటకుడనే మాంత్రికుడు వచ్చాడు. పీట వేసి, దానిమీద జానెడు గుడ్డ పరిచాడు. గుడ్డమీద ఏడు సముద్రాలు, వాటి అవతల బంగారు మేడ కుట్టి ఉన్నాయి. పక్కన పేక పెట్టాడు.

"ఆడేవాడు బొటనవేలంతై ఈ గుడ్డమీదికి దిగాలి. నేను మూడు ముక్కలు దించుతాను. కళావరు పడితే అడవి, ఇస్పేటు పడితే ఆపద, డైమను పడితే ధనం. ఆఠీను ఆసు పడిందా, గెలుపు మీది, కోరింది ఇస్తాను. పడలేదా, నా పేకలో బొమ్మైపోతారు. దించిన ముక్క దించినట్టే, వెనక్కి తీసేది లేదు!"

పెద్దవాడు మీసం మెలేసి దిగాడు. మూడు ముక్కలు పడ్డాయి, ఆసు పడలేదు. ఇస్పేటు జాకీ అయిపోయాడు. రెండోవాడు ఎత్తులన్నీ ఆలోచించుకుని దిగాడు. మూడు ముక్కలు పడ్డాయి, ఆసు పడలేదు. కళావరు జాకీ అయిపోయాడు.

"నువ్వన్నా మిగులు నాయనా!" అని రాణిగారు మకరందుడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

మకరందుడు తలుపు వంక మూడుసార్లు చూశాడు. అయినా వెళ్లి పీట ముందు కూర్చున్నాడు.

"అయ్యా, ము... ముందు పేక లెక్కపెట్టుకుంటాను."

సభంతా గొల్లున నవ్వింది. "లెక్కపెట్టుకో బాబూ, అంకెలొస్తే!" అన్నాడు మాంత్రికుడు.

అది నాయనమ్మ పుణ్యమా అని వచ్చిన అలవాటు. ఆవిడ మనవడితో ఆడేటప్పుడు కూడా ముక్కలు తొడకింద దాచే ఘటం మరి!

లెక్కపెట్టాడు. యాభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాడు. యాభై ఒకటే. లేనిది ఆఠీను ఆసు! పైకి అంటే ఇక్కడే భస్మం చేసేస్తాడు, ఊరుకుంటే అన్నలు ఇక లేనట్టే. "స... సరిపోయాయండీ" అని గుడ్డమీదికి దిగాడు.

మొదటి ముక్క కళావరు. దారప్పోగులన్నీ లేచి అడవైపోయాయి. అందులో, ఇప్పుడు వాడి కంటికి మేకంత కనబడే చీమ ఒకటి కాలు చిక్కుకుని ఏడుస్తోంది. మకరందుడు భయపడుతూనే చిక్కు విప్పాడు.

"చీమమ్మా, ఈయన ఆసు ఎక్కడ దాచాడో తెలుసా?"

"తెలియకేం బాబూ, అంగరఖా కుడిచేతి మడతలో. ఆ ముక్కలో చిలక ఉంది, చిలకలో ఆయన ప్రాణముంది. నువ్విక్కడే ఉండు" అని చీమ గబగబా పాకిపోయింది.

రెండో ముక్క ఇస్పేటు. ఏడు సముద్రాలూ పొంగాయి. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుము దాటాయి, గొంతుదాకా వచ్చాయి. చీమ జాడ లేదు. మాంత్రికుడు మూడో ముక్కకి చెయ్యి చాచాడు. 'అయిపోయింది, అమ్మకి ఒక్కడూ మిగల్లేదు' అనుకున్నాడు మకరందుడు.

అప్పుడు కుట్టింది చీమ, మోచేతి మడతలో, కసితీరా!

"అబ్బా!" అని మాంత్రికుడు చెయ్యి విదిలించాడు. అంగరఖాలోంచి ముక్క జారి గుడ్డమీద వెల్లకిలా పడింది. ఆఠీను ఆసు!

"దించిన ముక్క దించినట్టే!" పుట్టి బుద్ధెరిగాక మకరందుడు అరవడం అదే మొదలు. నీళ్లు తీశాయి. ముక్కలోంచి చిలక తల బయట పెట్టగానే మెడ పట్టుకున్నాడు. "మా అన్నల్ని వదులు! ఈ పేకలో ఉన్న అందర్నీ వదులు!"

మాంత్రికుడు గిలగిల్లాడుతూ వదిలాడు. అన్నలొచ్చారు. ఆఠీను రాణిగా పడి ఉన్న పొరుగు రాజ్యపు యువరాణి పద్మకళ కూడా వచ్చింది. మకరందుడు మామూలు మనిషై చిలకను వదిలేశాడు. అది కిటికీలోంచి ఎగిరిపోయింది, దాంతో ప్రాణం పోయి మాంత్రికుడు బొమ్మై పేకలో పడ్డాడు. వాడే జోకరు.

"అందరూ వచ్చేశారుగా, ఇంకా ఏమిట్రా భయం?" అంది రాణిగారు కళ్లు తుడుచుకుంటూ.

"ఉండమ్మా" అని మకరందుడు అన్నల భుజాలు తట్టి చూశాడు. ఒకటి, రెండు. మళ్లీ ఒకటి, రెండు. అప్పుడు ఏడ్చాడు.

పద్మకళతో వాడి పెళ్లి ఏడు రోజులు జరిగింది. అన్నలే పట్టం కట్టారు. మకరందుడు చాలా ఏళ్లు ఏలాడు. రోజూ సాయంత్రం ఇంటింటా మనుషుల్ని లెక్కపెట్టించే పిరికిరాజని జనం నవ్వుకునేవారు. కానీ ఆయన ఏలినన్నాళ్లూ, దారితప్పి ఇల్లు చేరనివాడు ఆ రాజ్యంలో ఒక్కడూ లేడు.