ఓదెవ్వ చెయ్యి

అనగనగా అన్నానని రాజుల కాలం అనుకోకండి. మరీ అంత పాతదీ కాదు, నిన్నా మొన్నటిదీ కాదు. నొప్పులొచ్చిన మనిషిని ఎడ్లబండిలో గడ్డి పరిచి ఆసుపత్రికి తీసుకుపోయే కాలం. మీరు ఊఁ కొడితే చెబుతాను, కునికితే ఆపేస్తాను.

ఏటి ఒడ్డున ఒక ఆసుపత్రి. దానికి ఒక డాక్టరమ్మ, ఒక నర్సమ్మ, ఒక ఆయా. డాక్టరమ్మ కడుపు కోసి బిడ్డను తీసేది. నర్సమ్మ సూది వేసేది. ఆయా నేల తుడిచేది, నెత్తుటి గుడ్డలు ఉతికేది. ఆ ఆయా పేరు ఓదెవ్వ. ఇంటికి పోయేవాళ్లు డాక్టరమ్మకు మొక్కేవారు, నర్సమ్మకు మొక్కేవారు. ఓదెవ్వ దాకా వచ్చేసరికి చేతులు దించేసేవారు.

ఒకసారి కొంరవ్వ అనే పిల్లను బండిలో తెచ్చారు. తొలిచూలు, బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ కడుపు కోసింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బతికింది, పిల్లా బతికింది. కథ అక్కడితో అయిపోవాలి. కానీ అత్త అని ఒకరుంటారు గదా.

మర్నాడు అత్త మూడు మాటలంది. ఇది కన్నదెక్కడ, కోసి తీశారు, అంది. కదిలావంటే కుట్లు విచ్చుకుంటాయి, అంది. మూడో మాట కొంరవ్వ గుండెల్లో దిగింది.

"లేవనే చాతకాదు, పాలేమిస్తవ్? రేపు పొద్దుగాల పిల్లను నా బిడ్డకు ఇచ్చొస్త."

ఆ బిడ్డ, అంటే కొంరవ్వ ఆడబిడ్డ, కూడా చంటిపిల్ల తల్లే. అత్త చెడు తలచి అనలేదు, భయపడి అంది. అయినా మాట మాటే.

డాక్టరమ్మ వచ్చి లేవమంది. కొంరవ్వ లేవలేదు. నర్సమ్మ వచ్చి కసిరింది. కొంరవ్వ లేవలేదు. గోడవార ఉయ్యాలలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. మంచానికీ ఉయ్యాలకీ మధ్య మూడే అడుగులు.

ఓదెవ్వ తుడుపు గుడ్డ పక్కన పడేసి, చేతులు కడుక్కుని వచ్చింది. తన చీర కుచ్చెళ్లు కొంచెం కిందికి జరిపింది. బొడ్డు కింద నిలువునా ఒక గీత. పాతబడి తెల్లబారింది.

"ఇరవై ఏండ్లాయె బిడ్డా. ఈ కడుపుతోనే కట్టెలు మోసిన, నాట్లేసిన. ఒక్క కుట్టు విచ్చుకోలె."

కొంరవ్వ ఆ గీతను వేలితో తాకింది. "మరి నీ పిల్లేది అవ్వా?" అని అడిగింది.

ఓదెవ్వ చెప్పింది. తనకూ అప్పట్లో ఇవే మాటలు చెప్పారు. నమ్మి నెల రోజులు వెల్లకిలా పడుకుంది. పిల్లను చెల్లెలు తీసుకుపోయి తన పాలిచ్చి పెంచింది. మంచిదే చేసింది. పిల్ల పెరిగింది, పెళ్లయింది.

"ఎదురైతే మంచిగనే పలకరిస్తది. పెద్దమ్మా అంటది," అంది ఓదెవ్వ. తర్వాత చెయ్యి చాపింది. "నొప్పి ఉండదని చెప్ప. ఉంటది. నా చెయ్యి పట్టుకో. పక్కకు తిరుగు. పాత చీర మడిచి కుట్టుకు ఆసరాగా కడుపుకు అదుముకో. మూడడుగులెయ్యి."

కొంరవ్వ పక్కకు తిరిగింది. మోచేయి ఆనించి కాళ్లు దించింది. మడిచిన చీర కడుపుకు అదుముకుంది. ఒకడుగు వేసింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండో అడుగు వేసింది, ఓదెవ్వ చేతిలో గోళ్లు దిగాయి. మూడో అడుగు వేసింది, ఉయ్యాల అందింది. ఓదెవ్వ ఆమెను కూర్చోబెట్టి, కుట్టుకు తగలకుండా పిల్లను చంక పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున అత్త వచ్చేసరికి పిల్ల పాలు తాగుతోంది. అత్త కోడలిని అడిగింది, తిన్నావా అని.

అప్పటి నుంచి ఓదెవ్వకు అదో పనైంది. నేల తుడవగానే ఆపరేషన్ అయిన బాలింత దగ్గరికి పోయేది. పక్కకు తిరుగు. చీర అదుముకో. మూడడుగులెయ్యి. దగ్గొచ్చినా నవ్వొచ్చినా ఆ మడిచిన చీర వదలొద్దనేది. జ్వరమొస్తే, కుట్టు ఎర్రబడితే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే డాక్టరమ్మకు చెప్పమనేది. ఇది మాత్రం ఊఁ కొట్టి ఊరుకోకండి, గుర్తు పెట్టుకోండి. ఎవరేమన్నా కన్నది నువ్వేనని కూడా చెప్పేది.

నిన్నటి దాకా నేల తుడిచిన మనిషి, ఒక పొద్దున పక్క మీద నుంచి లేవలేదు. నిద్రలోనే పోయింది.

ఆ పొద్దునే వార్డులో ఒక బాలింత తొలి అడుగు వేయాలి. ఓదెవ్వ వస్తేనే లేస్తానని కళ్లు మూసుకుంది. ఆమెకు ఎలా చెప్పాలో డాక్టరమ్మకు తోచలేదు. నర్సమ్మకు తోచలేదు. పక్క మంచం మీద ఇంకో బాలింత ఉంది, ముందురోజే ఓదెవ్వ చెయ్యి పట్టుకుని నడిచింది. ఆమె పక్కకు తిరిగింది. చీర మడిచి కడుపుకు అదుముకుంది. పళ్లబిగువున మూడడుగులు వేసి, చెయ్యి చాపింది.

"ఓదెవ్వ వచ్చింది. లే బిడ్డా."

మంచం మీద మనిషి కళ్లు తెరవకుండానే ఆ చెయ్యి పట్టుకుంది. నడిచాక కళ్లు తెరిచి చూసింది. ఓదెవ్వ ఇక లేదని అర్థమైంది. ఇద్దరూ ఏడ్చారు.

ఇప్పుడు ఆ ఆసుపత్రి మూడంతస్తులు. ఓదెవ్వ ఫొటో ఏ గోడ మీదా లేదు, అసలు ఆమె ఫొటో ఎవరూ తీయనే లేదు. కానీ అక్కడ నిన్న నడిచిన తల్లి ఇవాళ్టి తల్లి దగ్గరికి పోయి చెయ్యిస్తుంది. ఓదెవ్వ వచ్చింది, లెమ్మంటుంది. పిల్లలనెత్తుకుని ఇళ్లకు పోయేటప్పుడు ఆ తల్లులను అడగండి, ఓదెవ్వ ఎలా ఉంటుందని. నల్లగా, పొడుగ్గా ఉందంటుంది ఒకామె. చిన్నపిల్ల, ఇంకా ఇరవై నిండలేదంటుంది ఒకామె. ముక్కుపుడక ఉంది, నిన్ననే చూశానంటుంది ఇంకొకామె.