గవరయ్య, దాలినాయుడు కొండెక్కి సముద్రం చూసిన వైనం

బూరుగువలసలో తెలివి మొత్తం రెండే తలకాయల్లో ఉండేది. ఒకటి గవరయ్యది, రెండోది దాలినాయుడిది. ఈ మాట ఊళ్ళోవాళ్ళెవరూ అనలేదు. వీళ్ళిద్దరే అరుగు మీద కూర్చుని ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పుకున్నాక ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇద్దరూ ఒప్పుకున్నాక ఇంక మూడోవాడితో పనేముంది?

గవరయ్య తెలివికి ఒక్క మచ్చు చాలు. ఒకరోజు వాళ్ళావిడ నూకాలు పొయ్యి మీద పాలు పెట్టి, "ఏమయ్యా, పాలు చూస్తూ ఉండు, బిందె నింపుకొస్తాను" అని వెళ్ళింది. గవరయ్య చూస్తూ కూర్చున్నాడు. పాలు పొంగాయి, చూశాడు. పొయ్యిలో పడ్డాయి, చూశాడు. గిన్నె మాడింది, అదీ చూశాడు. నూకాలు వచ్చి నెత్తి బాదుకుంటే, "ఒక్క చుక్క కూడా చూడకుండా వదల్లేదే" అన్నాడు గర్వంగా.

అలాంటి గవరయ్యతో దాలినాయుడు ఒకనాడు పొద్దున్నే అన్నాడు. "బావా, గుర్రపుకొండ ఎక్కితే సముద్రం కనపడుతుందటగా. పుట్టి నలభై ఏళ్ళయింది, సముద్రం మొహమే చూడలేదు నేను."

"దానికీ మొహం ఉంటుందేంట్రా?" అన్నాడు గవరయ్య.

"చూస్తేగా తెలిసేది."

అంతే. గవరయ్య లేచి తలపాగా చుట్టాడు. నూకాలు గుమ్మంలోకి వచ్చి ఆకాశం వంక చూసింది. శ్రావణమాసం, మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

"ఈ ముసుర్లో కొండేంటయ్యా? రేపెళ్ళొచ్చుగా?"

"సముద్రం రేపటిదాకా ఉంటుందో ఉండదో" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, నూకాలు లోపలికి వెళ్ళింది. రెండు రోజుల క్రితం కొన్న కొత్త గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది జాగ్రత్త. తడిపి, నాన్చి, పాడుచేసి తెచ్చావంటే ఊరుకోను."

ఊరు దాటారో లేదో వాన అందుకుంది. గవరయ్య గబగబా గొడుగుని చొక్కాలోకి దూర్చి, గుండీలు పెట్టి, పైన తలపాగా గుడ్డ చుట్టాడు. ఇద్దరూ నిలువునా తడుస్తూ నడిచారు.

"గొడుగు తడవలేదుగా బావా?" అని పది అడుగులకోసారి అడిగాడు దాలినాయుడు.

"ఒక్క చుక్క తగల్లేదు. పొడిగా ఉంది."

"మరి మనమో?"

"మన గురించి నూకాలు ఏమీ చెప్పలేదు."

కొండ మొదట్లో చీలమండ కూడా మునగని వాగు ఒకటుంది. దాటారు. అవతల ఒక ముసలమ్మ మేకల్ని తోలుకుని గబగబా కిందికి దిగుతోంది. వీళ్ళని చూసి ఆగింది.

"ఎక్కడికి నాయనా ఈ వానలో?"

"పైకమ్మా. సముద్రం చూడ్డానికి."

ముసలమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఈ వానలో కొండెక్కడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళడమే. సరే, వినేట్టు లేరు. ఈ దారి పట్టుకుని పోండి, ఎక్కడా వదలొద్దు. పిడుగులు పడితే మాత్రం చెట్టు కింద నిలబడొద్దు" అని మేకల వెంట పరిగెత్తింది.

గవరయ్య ఆలోచనలో పడ్డాడు. "ప్రాణం అరచేతిలోకి ఎలా తీస్తార్రా?"

"ఊపిరేగా ప్రాణం? ఊదితే సరి."

ఇద్దరూ కుడి అరచేతిలోకి బలంగా ఊది, టక్కున గుప్పిట మూశారు.

"నీది ఎలా ఉంది బావా?"

"వెచ్చగా ఉంది. నీది?"

"కొంచెం కితకితలు పెడుతోంది."

ఇక దారి పట్టుకోవాలి. కుడిచెయ్యి ఖాళీ లేదు. కాబట్టి నడుం వంచి, ఎడంచేత్తో దారిలో మట్టిని గట్టిగా పట్టుకుని, ఇంత పట్టు వదిలి అంత పట్టు పట్టి, గుప్పిట గాల్లో పెట్టి పాకుతూ బయల్దేరారు. దారేమో వానకి బురదై, వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది.

"గట్టిగా పట్టుకోరా, పారిపోయేలా ఉంది!" అని అరిచాడు గవరయ్య.

సగం కొండ ఎక్కేసరికి ఉరిమింది. ఫెళ్ళున మెరిసింది. ఎదురుగా పెద్ద నేరేడుచెట్టు.

"కింద నిలబడొద్దంది" అన్నాడు దాలినాయుడు.

"నిలబడం. పైన కూర్చుంటాం" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, ఒంటిచేత్తో దేక్కుంటూ చెట్టెక్కారు. వీళ్ళకంటే ముందే అక్కడ ఎర్రచీమలు కాపురం పెట్టాయి. మెడ మీద కుడుతున్నాయి, చంకలో కుడుతున్నాయి. గోక్కుందామంటే ఒక చేతిలో కొమ్మ, ఇంకో చేతిలో ప్రాణం. కాసేపటికి ఉరుములు పక్క కొండ మీదికి పోయాయి. ఇద్దరూ మొహాలు బూరెల్లా ఉబ్బి కిందికి దిగారు.

"పిడుగు పడలేదు చూశావా? అదీ తెలివంటే!" అన్నాడు గవరయ్య, కన్ను ఒకటే తెరుచుకుంటుంటే.

మధ్యాహ్నానికి కొండ కొస చేరారు. అక్కడ ముసుగేసినట్టు పొగమంచు. ముందు తెలుపు, వెనక తెలుపు, కింద తెలుపు. ఆ తెలుపంతా మెల్లగా కదులుతోంది. దాలినాయుడు నోరు తెరిచి నిలబడిపోయాడు.

"బావా... ఇదేరా సముద్రం!"

గవరయ్యకి ఒళ్ళు ఝల్లుమంది. ఇంత పెద్దదనుకోలేదు. దాలినాయుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై ఏళ్ళ కోరిక మరి. నాలుక చాపి పొగమంచుని నాలుగుసార్లు నాకాడు.

"ఉప్పగా లేదేంటి బావా?"

"పైపైన చప్పగానే ఉంటుంది. ఉప్పు బరువు కదా, అడుక్కి దిగిపోయుంటుంది."

ఆ మాటకి దాలినాయుడు గవరయ్యని గొప్పగా చూశాడు. ఇంతమాట చెప్పగలవాడు ఊళ్ళో ఇంకెవడున్నాడు? ఇద్దరూ గుప్పిళ్ళు విప్పకుండానే సముద్రానికి దణ్ణం పెట్టి, తిరుగుముఖం పట్టారు.

కిందికొచ్చేసరికి పొద్దుటి వాగు కాదది. ఎర్రటి నీళ్ళు దుంగల్ని దొర్లించుకుంటూ హోరుమని పోతున్నాయి. అవతలి గట్టు మీద కట్టెలమోపుతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వీళ్ళని చూసి చేతులూపాడు.

"వాగు దిగేదాకా ఆగండర్రా!"

ఇద్దరూ ఆగారు. దాలినాయుడు కొండ వైపు తలెత్తి చూశాడు. "ఎక్కడికి ఎక్కిందిరా దిగడానికి? కిందే ఉందిగా!"

గవరయ్య బుర్ర గోక్కున్నాడు. ఉన్నట్టుండి మొహం వెలిగింది. "అది కాదురా. వాగు దిగేదాకా ఆగమన్నాడు. అంటే మనం వాగులోకి దిగేదాకా ఆగాలి. దిగాక ఆగక్కర్లేదు."

"ఆగాంగా ఇప్పటికే?"

"ఆగాం. ఇంక దిగు."

అంతే. దాలినాయుడు దిగాడు. రెండో అడుగులోనే నీళ్ళు వాణ్ణి ఎత్తి కుదేశాయి. పది గజాల దూరం కొట్టుకుపోయాక ఒక బండ తగిలింది. దాన్ని ఎడంచేత్తో కావలించుకున్నాడు. కుడి గుప్పిట మాత్రం నీళ్ళ మీదికి ఎత్తే ఉంచాడు.

గవరయ్య గట్టు వెంట పరిగెత్తి, వేలాడుతున్న మర్రి ఊడని ఎడంచేత్తో పట్టుకుని ముందుకి వంగాడు.

"బావా, చెయ్యి ఇయ్యరా!" అన్నాడు దాలినాయుడు నీళ్ళు మింగుతూ.

"ఇస్తాగానీ మళ్ళీ ఇచ్చేయాలి!"

"ఇచ్చేస్తాను!"

అవతలి మనిషి గొంతు చించుకున్నాడు. "చొక్కాలోంచి గొడుగు పిడి కనపడుతోందిగా! అది అందించవయ్యా!"

"తడుస్తుంది!" అని అరిచాడు గవరయ్య.

బండ మీద దాలినాయుడి వేళ్ళు జారుతున్నాయి. ఒకటి ఊడింది. రెండోది ఊడింది. గవరయ్య తన కుడి గుప్పిట వంక చూసుకున్నాడు. అందులో ప్రాణం ఉంది. తెరిస్తే వాగులో పడుతుంది. ఎదురుగా దాలినాయుడు ఉన్నాడు. వీడు పోతే రేపటి నుంచి అరుగు మీద ఎవరితో కూర్చోవాలి? గొడుగు నూకాలుది, దాన్ని అడక్కుండా ఇవ్వకూడదు. ప్రాణం తనది. తనదైతే తన ఇష్టం.

గవరయ్య కళ్ళు గట్టిగా మూసుకుని గుప్పిట తెరిచాడు. దాలినాయుడి మణికట్టు దొరకబుచ్చుకుని లాగాడు. లాగి లాగి, చివరికి ఇద్దరూ గట్టు మీద బురదలో వెల్లకిలా పడ్డారు.

వాన వెలిసింది.

"బావా, నీ ప్రాణం?" అన్నాడు దాలినాయుడు.

"వాగులో పోయింది."

"అంటే నువ్వు చచ్చిపోయావా?"

"అంతేగా మరి."

దాలినాయుడు బావురుమన్నాడు. "నాకోసం చచ్చిపోయావట్రా! నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదు. ఆకలేస్తోంది."

దాలినాయుడు ఏడుపు ఆపి ఆలోచించాడు. తన గుప్పిట ఇంకా మూసే ఉంది. దాన్ని గవరయ్య అరచేతి మీద పెట్టి, వేయించిన శనగలు పంచుకుంటున్నట్టు కొంచెమే తెరిచాడు.

"సగం తీసుకోరా. నాకు మొత్తం ఎందుకు?"

"వద్దురా, నీకు చాలదు."

"పొద్దున బాగా ఊదాను, చాలా ఉంది. పడిందా?"

"వెచ్చగా ఏదో తగిలింది."

"అయితే పడింది" అని దాలినాయుడు గుప్పిట మూసేశాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని, ఉన్న సగం సగం ప్రాణాలు ఒలక్కుండా కదలకుండా కూర్చున్నారు. గంట తర్వాత నీళ్ళు మోకాళ్ళలోతుకి తగ్గాయి. కట్టెలాయన పాపం, మోపు పక్కన పడేసి వచ్చి ఇద్దర్నీ చెరో రెక్కా పట్టుకుని దాటించాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరారు. సన్నగా మళ్ళీ జల్లు మొదలైంది. నూకాలు గుమ్మంలోంచి ఎదురు పరిగెత్తుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టుంది.

"ఎక్కడ చచ్చారయ్యా ఇంతసేపూ?"

"వాగు దగ్గర" అన్నాడు గవరయ్య. "నేను పూర్తిగా చచ్చాను. తర్వాత బావ సగం ఇచ్చాడు."

నూకాలుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. చీమలు కుట్టిన మొహాలు, బురద బట్టలు చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "పోనీలే, మనిషివి తిరిగొచ్చావు. నిన్ను చూశాక నా ప్రాణం లేచొచ్చింది."

గవరయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎటునుంచి వచ్చింది? వాగు వైపు నుంచా?"

"ఏంటి?"

"తడిసి వచ్చిందా, పొడిగా వచ్చిందా? సరిగ్గా చెప్పు నూకాలూ, అది నాదేమో!"

"అయ్యా బాబూ, నా ప్రాణం తియ్యకు!" అంది నూకాలు రెండు చేతులూ జోడించి.

గవరయ్య మొహం మెత్తబడింది. "తియ్యనులే. నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. దాలినాయుడి వైపు తిరిగి, "పరాయిచోటికి పోలేదురా, ఇంటికే వచ్చింది" అన్నాడు. దాలినాయుడికి సంతోషంతో మళ్ళీ ఏడుపొచ్చింది.

నూకాలు గవరయ్య చొక్కాలోంచి గొడుగు లాగి గోడకి ఆనించింది. "అన్నా, నువ్వు కూడా ఉండు. ఇద్దరూ ముందు ఒళ్ళు ఆరబెట్టుకోండి. వేడిగా గంజి కాస్తాను" అని లోపలికి వెళ్ళింది.

గంజి కాచి, మిరపకాయలు వేయించి, రెండు గిన్నెలూ పట్టుకుని అరుగు మీదికొచ్చేసరికి ఒక్కళ్ళూ లేరు. నూకాలు పెరట్లోకి వెళ్ళి చూసింది.

జల్లు పడుతూనే ఉంది. బట్టలారేసే వెదురు దండెం మీద గవరయ్య, దాలినాయుడు నడుం దగ్గర మడతపడి, తలకాయలు ఇటు, కాళ్ళు అటు వేలాడుతున్నారు. తలల మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇంకా ఆరలేదే నూకాలూ" అన్నాడు గవరయ్య తలకిందులుగానే. "ఓసారి ఇలా వచ్చి మమ్మల్ని రెండోవైపు తిరగెయ్యి."