చీలిక పెదవి బొంతు

అలలు ఇప్పటికన్నా చాలా అవతల విరిగే కాలంలో ఒక జాలరిపేట ఉండేది. ఎదురుగా నీళ్ళలో ఒక పెద్ద రాయి. రాయి సందుల్లో బొంతు చేపలు. ఒళ్ళంతా మచ్చలు, బొద్దు పెదాలు. సొంత బొరియ వదిలిపోని బద్ధకం.

కడుపుతో ఉన్న చేపని ఆ పేటవాళ్ళు చంపేవారు కాదు. చిన్న బొంతుల పొట్ట నొక్కితే ఎప్పుడూ జన, అంటే గుడ్ల ముద్ద, తగిలేది. ముదురు రంగు పెద్దవాటిలో ఏనాడూ జన లేదు. అవి వేరే జాతి అనుకున్నారు. చిన్నవి వదిలారు, పెద్దవి తెచ్చారు. మరుసటేడూ చిన్నవి వదిలారు, పెద్దవి తెచ్చారు. ఏళ్ళు గడిచేకొద్దీ చిన్నవీ తగ్గిపోయాయి.

ఆ పేటలో చేపలు కోసే మసేనమ్మ మొగుణ్ణి సముద్రం తీసుకుంది. కొడుకు దానయ్యకి తల్లీ తండ్రీ ఆవిడే.

ఇంట్లో నూకలు కూడా లేని ఒక పూట దానయ్య పెద్ద బొంతుని తెచ్చాడు. బతికే ఉంది. రాయి దగ్గర మిగిలిన పెద్దది అదొక్కటే. మసేనమ్మ కత్తిపీట వాల్చి, చేప మూతి చూసి ఆగిపోయింది. పైపెదవి చీలి ఉంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు తను వదిలిన చేపే అది. అప్పుడది చిన్నది, కడుపునిండా జన. ఇప్పుడు పొట్ట నొక్కితే మగచేపకి కారే తెల్లటి పాలు కారాయి.

"ఒరే దానియ్యా, ఇది ఏరే జాతి కాదురా. మనం ఒగ్గీసిన సిన్నదే పెరిగింది. అప్పుడు తల్లి, ఇప్పుడు తండ్రి."

"ఆకలేస్తందమ్మా. కొయ్యి."

"తండ్రులందర్నీ మనమే తినీసినాం. ఇంక గుడ్లెట్టి ఏం లాభం?"

ఆ మాట విని పేట పెద్ద నవ్వాడు. పక్కింటామె నవ్వింది. దానయ్య నవ్వలేదు, వాడికి ఏడుపొక్కటే తక్కువ.

ఆవిడ చేపని తడిగోనెలో చుట్టుకుని తెప్ప ఎక్కింది. కొడుకు గొణుగుతూనే తెడ్డేశాడు. నీళ్ళలో దించితే చేప కదల్లేదు. మూతి పట్టుకుని అలలో మెల్లగా ఆడించింది. చాలాసేపటికి తోక విసిరి బొరియలోకి పోయింది. ఆ పూట తల్లీకొడుకులు మంచినీళ్ళు తాగి పడుకున్నారు. ఆ ఆకలి ఎంతటిదో తిని కూచున్న మనకేం తెలుస్తుంది.

మరుసటేడు రాయి సందుల్లో వేలెడు పిల్లలు కనబడ్డాయి. ఆపై ఏటికి అరచేతంత అయ్యాయి. తప్పయిందని ఎవరూ ఆవిడతో అనలేదు కానీ పెద్దవాటిని తేవడం మానేశారు.

మసేనమ్మ పోయి ఎన్ని తరాలో. ఇప్పటికీ అక్కడ గాలానికి పెద్ద బొంతు పడితే పెదవి నిమిరి, "ఎల్లిరా, మసేనమ్మా" అని నీళ్ళలోకి దించుతారు.

"మగదాన్ని అమ్మా అంతారేటి?" అని పిల్లలు నవ్వుతారు.

"మరి దానియ్యకి అయ్య కూడా అయి సాకిందెవరు?" అంటారు పెద్దలు.